సందెవేళ ఆగని ఏడుపు: పసిబిడ్డకు కడుపుబ్బరం, గాలి నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలి

మా పెద్దమ్మాయి ఏప్రిల్ నెలలో పుట్టింది. కాన్పుకు నేను ప్రొద్దుటూరులో మా అమ్మగారింటికి వచ్చి ఉన్నాను. మొదటి మూడు వారాలు పాలు తాగడం, పడుకోవడం తప్ప ఆ బిడ్డ మమ్మల్ని ఏ రకంగానూ ఇబ్బంది పెట్టలేదు. నాలుగో వారంలో ఒకనాడు సాయంత్రం ఆరు గంటలకు ఏడుపు అందుకొని రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆపలేదు. పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని, ముఖం కందగడ్డలా చేసుకొని గుక్కపట్టి ఏడ్చింది. పాలిస్తే రెండు గుక్కలు తాగి నోరు వదిలేసింది. మా అవ్వ మిరపకాయలతో దిష్టి తీసింది, పక్కింటామె వసకొమ్ము అరగదీసి నాకించమంది, పిన్ని గ్రైప్ వాటర్ సీసా పట్టుకొచ్చింది. అప్పటికే నేను నర్సింగు చదివి ఉద్యోగంలో ఉన్నదాన్ని, అయినా ఆ మూడున్నర గంటల్లో చదివినదేదీ నాకు గుర్తుకు రాలేదు. ఆ తర్వాత బాలింతల వార్డులో పనిచేసిన ఏళ్ళలో ఇదే ఏడుపుతో, ఇదే భయంతో వచ్చిన తల్లులను ఎందరినో చూశాను. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చొని నిదానంగా చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపించిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఏడుపు ఏమిటి, ఎన్నాళ్ళు ఉంటుంది

ఆరోగ్యంగా ఉండి, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డ ఏ కారణమూ కనిపించకుండా గంటల తరబడి ఏడుస్తుంటే దానిని డాక్టర్లు కోలిక్ అంటారు. 1954లో వెస్సెల్ అనే అమెరికా పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు దీనికి ఒక లెక్క చెప్పారు: రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడుస్తున్న బిడ్డది కోలిక్ అన్నారు. తల్లిని మూడు వారాలు వేచి ఉండమనడం న్యాయం కాదు కాబట్టి 2016లో వచ్చిన రోమ్ ప్రమాణాలలో (కడుపు, పేగుల ఇబ్బందులను గుర్తించడానికి నిపుణులు రాసుకున్న నియమాలు) ఆ గడువును పక్కన పెట్టారు. సుమారుగా ఐదుగురు పిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డకైనా, సీసా పాలు తాగే బిడ్డకైనా, ఆడబిడ్డకైనా, మగబిడ్డకైనా తేడా లేదు.

ఈ ఏడుపు రెండో వారం, మూడో వారం మధ్య మొదలవుతుంది. ఆరో వారానికి బాగా ముదురుతుంది. మూడు, నాలుగు నెలలు నిండేసరికి దానంతట అదే తగ్గిపోతుంది. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ అయితే ఈ వారాలను పుట్టిన రోజు నుంచి కాకుండా, డాక్టరు ముందు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్క పెట్టుకోవాలి. ఆరో వారంలో ఏడుపు ఎక్కువైతే మీరు చేస్తున్నదేదో తప్పని అనుకోకండి. అది ఎక్కువయ్యే వారమే అది.

కారణం ఒక్కటే అని చెప్పడానికి లేదు. పేగులు ఇంకా అరుగుదలకు, గాలిని కిందికి నెట్టడానికి అలవాటు పడుతూ ఉంటాయి, పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోలేదు, పగలంతా చూసిన వెలుతురు, విన్న శబ్దాలు, మారిన చేతులు సాయంత్రానికి ఆ చిన్న మెదడుకు భారమవుతాయి. వీటితో పాటు గాలి ఒకటి. గాలి వల్ల బిడ్డ ఏడ్వడం ఎంత నిజమో, ఏడ్చినప్పుడు బిడ్డ గాలి మింగడం కూడా అంతే నిజం. కడుపు డప్పులా ఉబ్బిందంటే అది గంటసేపు ఏడ్చినందువల్ల కూడా కావచ్చు. అందుకే గాలిని బయటికి పంపడం, ఏడుపును ముందే తగ్గించడం అనే రెండు పనులూ కలిసి సాగాలి. ఈ రెండు పనులూ చేతులతో చేసేవే కానీ నోట్లో ఏదో పోసి చేసేవి కావు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి అదే.

పాలు పట్టే తీరు

గాలి ఎక్కువగా లోపలికి పోయేది పాలు తాగేటప్పుడే కాబట్టి మొదట అక్కడే సరిచేసుకోవాలి. బిడ్డ ఆకలితో కేకలు పెట్టేదాకా ఆగకూడదు. చెయ్యి నోట్లో పెట్టుకోవడం, పెదాలు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం కనిపించగానే పాలకు తీసుకోవాలి. ఏడుస్తున్న బిడ్డకు రొమ్ము అందిస్తే పాలకన్నా ముందు గాలి లోపలికి పోతుంది.

చనుమొన ఒక్కటే బిడ్డ నోట్లో ఉంటే సరిపోదు. నోరు బాగా తెరిచి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగంలో ఎక్కువ వంతు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. తాగుతుంటే గుటక శబ్దం వినిపించాలి కానీ టక్ టక్ మనే శబ్దం వినిపించకూడదు. ఆ టక్ టక్ శబ్దం వచ్చినా, తల్లికి చనుమొన నొప్పి పుట్టినా పట్టు సరిగా లేదని అర్థం. అప్పుడు చిటికెన వేలిని బిడ్డ నోటి మూల నుంచి మెల్లగా లోపలికి పోనిచ్చి, పట్టు విడిపించి, మళ్ళీ అందించాలి. లాగేయకూడదు.

ఒక వైపు రొమ్ము ఖాళీ అయ్యేదాకా తాగనిచ్చి, తర్వాతే రెండో వైపుకు మార్చాలి. మొదట వచ్చే పాలు పలుచగా, తీయగా ఉంటాయి, చివర్లో వచ్చే పాలు చిక్కగా, కొవ్వుతో ఉంటాయి. ఐదేసి నిమిషాలకు వైపులు మారుస్తూ పోతే బిడ్డ కడుపు పలుచటి పాలతోనే నిండి, ఆ తీపి పేగుల్లో పులిసి గ్యాస్ పెరగవచ్చు. పాలు ఎక్కువగా పడే తల్లి అయితే మొదటి ధార జోరుకు బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అలాంటప్పుడు తల్లి కాస్త వెనక్కి వాలి కూర్చొని, బిడ్డను తన మీదికి పడుకోబెట్టుకొని ఇస్తే ధార నెమ్మదిస్తుంది.

డాక్టరు సలహా మీద సీసా పాలు పట్టాల్సి వస్తే సీసాను ఏటవాలుగా పట్టుకొని, సీసాకున్న పాలపీక నిండా ఎప్పుడూ పాలే ఉండేలా చూడాలి. సీసాను తలకిందులు చేసినప్పుడు పాలు చుక్కలుగా రాలాలి, ధారగా కారకూడదు. పొడి కలిపిన తర్వాత సీసాను గట్టిగా ఊపితే నురగ వస్తుంది, ఆ నురగంతా గాలే, కాబట్టి అది తగ్గాకే పట్టాలి. ఆవుపాలు, గేదెపాలు నీళ్ళు కలిపి పట్టడం మన ఊళ్ళలో ఇంకా ఉంది, అది మానుకోవాలి.

నీళ్ళ సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బిడ్డ నాలుక ఎండిపోతుందని పెద్దవాళ్ళు చెంచాతో నీళ్ళు పడతారు, కొందరు చక్కెర నీళ్ళు, బెల్లం నీళ్ళు పడతారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తాగే బిడ్డకు ఎండాకాలంలో కూడా నీళ్ళు అవసరం లేదు. పాలలో ఉన్నదే ఎక్కువగా నీరు, ఎండ ఎక్కువైతే పాలు ఎక్కువ సార్లు ఇస్తే చాలు. నీళ్ళు తాగాల్సింది తల్లి.

తేపు తెప్పించడం

తేపు రావడం కోసం వీపు మీద దబదబా బాదనక్కర లేదు. రెండో రొమ్ముకు మార్చేటప్పుడు ఒకసారి, పాలు ముగిశాక ఒకసారి తేపుకు ఎత్తుకోవాలి. సీసా పాలైతే మధ్యలో ఇంకోసారి ఆపినా మంచిదే.

మొదటి పద్ధతి భుజం మీద. ఉతికిన పాత నూలు గుడ్డ ఒకటి భుజం మీద వేసుకొని, బిడ్డ గడ్డం భుజానికి కొంచెం పైన ఉండేలా ఎత్తుకోవాలి. మరీ కిందికి ఉంటే ముక్కు మన చీరలో కూరుకుపోతుంది. ఒక చేత్తో పిరుదుల కింద ఆసరా ఇచ్చి, రెండో చేతిని దొప్పలా వంచి నడుము నుంచి పైకి నెమ్మదిగా తట్టాలి లేదా రుద్దాలి. ఇలా ఎత్తుకున్నప్పుడు బిడ్డ పొట్ట మన భుజానికి మెత్తగా ఒత్తుకుంటుంది, అసలు పని చేసేది ఆ ఒత్తిడే. కాసేపు గమనిస్తే మీకే చేతికి తెలుస్తుంది: అరచేతి కింద వీపు మొదట బిగుసుకొని ఉంటుంది, కాళ్ళు ఒకసారి చాపుతుంది, మెడ పైకి ఎత్తడానికి చూస్తుంది, ఉన్నట్టుండి గొంతులో చిన్న చప్పుడు వస్తుంది, ఆ వెంటనే వీపు మెత్తబడి బిడ్డ బరువంతా మీ భుజం మీదికి వాలిపోతుంది. ఆ వాలిపోవడాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే తేపు వచ్చిందో లేదో చప్పుడు వినకపోయినా తెలుస్తుంది.

రెండో పద్ధతి ఒడిలో కూర్చోబెట్టుకోవడం. బిడ్డను పక్కకు తిరిగి కూర్చోబెట్టి, ఒక చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య దవడకు ఆసరా ఇచ్చి, అదే అరచేతిని ఛాతీకి ఆనించి, శరీరాన్ని కొంచెం ముందుకు వంచాలి. వేళ్ళు దవడ ఎముక మీద ఉండాలి కానీ గొంతు మీద ఎంతమాత్రం ఉండకూడదు. మూడోది, తొడల మీద అడ్డంగా బోర్లా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తుగా ఉంచి, వీపు నిమరడం. మూడింటిలో మీ బిడ్డకు ఏది నప్పుతుందో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది.

ఐదు, పది నిమిషాలు చూసినా తేపు రాకపోతే వదిలేయవచ్చు. రొమ్ము బాగా పట్టిన బిడ్డకు అన్నిసార్లూ తేపు రావాలని ఏమీ లేదు. తేపుతో పాటు కాసిన్ని పాలు కక్కడం కూడా మామూలే. రాత్రి పూట తల్లి అలసిపోయి పక్కకు తిరిగి పడుకొనే పాలిస్తుంది కాబట్టి ఆ పూట తేపు తెప్పించే పని ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి. మా ఇంట్లో మా నాన్న తీసుకున్నాడు. రాత్రి రెండు గంటలకు భుజాన తువ్వాలు వేసుకొని వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు.

కిందికి పోవాల్సిన గాలి

పేగుల్లోకి దిగిన గాలి తేపుగా రాదు, దానిని కిందికే పంపాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు రెండూ పట్టుకొని సైకిలు తొక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా కదపాలి. తర్వాత రెండు మోకాళ్ళను కలిపి పొట్ట వైపుకు వంచి, ఐదారు లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే చాలు. పాలు తాగిన వెంటనే చేయకూడదు, కనీసం అరగంట, ముప్పావు గంట గడవాలి.

పొట్ట నిమరడానికి అరచేతికి రెండు చుక్కల కొబ్బరి నూనె రాసుకొని, చేతులు ఒకదానికొకటి రుద్ది వెచ్చబరచుకోవాలి. మీకు ఎదురుగా బిడ్డ పాదాలు ఉన్నాయనుకుంటే, మీ ఎడమ చేతి వైపు పొట్ట అడుగు భాగంలో మొదలుపెట్టి పైకి, అక్కడి నుంచి బొడ్డు పైభాగంగా కుడివైపుకు, అక్కడి నుంచి కిందికి, గడియారం ముల్లు తిరిగినట్టు నిమరాలి. పెద్దపేగు తిరిగే దారి అదే. బొడ్డు ఊడి మానకముందు బొడ్డు దగ్గరికి వెళ్ళవద్దు. అనంతపురం వైపు ఇళ్ళలో వేరుశనగ నూనె చేతికి అందుబాటులో ఉంటుంది, దానిని పసిబిడ్డ చర్మానికి రాయకపోవడమే మంచిది, వేరుశనగ పడకపోవడం అనే జబ్బుకు అది దారి తీసే అవకాశం ఉంది.

ఏడుపు మొదలయ్యాక నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చినది ముంజేతి మీద బోర్లా పట్టుకోవడం. చింతకొమ్మ మీద తొండ పడుకున్నట్టు బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల మోచేతి వంపు దగ్గర, ముఖం పక్కకు తిరిగి ఉండేలా చూసి, అరచేతితో తొడల మధ్య నుంచి గట్టిగా పట్టుకోవాలి. రెండో చేతిని వీపు మీద ఉంచి మెల్లగా నడవాలి. పొట్టకు వెచ్చదనం, మెత్తని ఒత్తిడి, కదలిక మూడూ ఒకేసారి అందుతాయి. బోర్లా పట్టుకోవడం మెలకువగా ఉన్న బిడ్డకు, మెలకువగా ఉన్న మనిషి చేతిలో మాత్రమే. నిద్ర పోగానే వెల్లకిలా పడుకోబెట్టాలి, పగలైనా రాత్రైనా సరే. బోర్లా నిద్రపోయే పసిబిడ్డలకు నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ.

కొందరు పిల్లలు ముక్కి ముక్కి, పది నిమిషాలు ముఖం ఎర్రగా చేసుకొని, చివరికి మెత్తగానే విరేచనం చేస్తారు. అది మలబద్ధకం కాదు, ముక్కడం, కింద వదలడం రెండూ ఒకేసారి చేయడం ఆ బిడ్డ ఇంకా నేర్చుకుంటోంది. తమలపాకు కాడకు ఆముదం రాసి వెనుక వైపు పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. దానివల్ల లోపల గీసుకుపోతుంది, పైగా ఆ కాడ లేనిదే విరేచనం చేయలేని అలవాటు పడుతుంది. వద్దు.

వేడి, వెలుతురు, చప్పుడు

మా అమ్మగారిది కడప బండలు పరిచిన పాత ఇల్లు. పగలంతా కాగిన పైకప్పు సందెవేళకు వేడినంతా కిందికి వదిలేది. ఆ వేడిలో బిడ్డకు టోపీ, సాక్సులు, పైన దుప్పటి చుట్టి కూర్చున్నామని, ఏడుపులో సగం ఉక్కపోతదేనని మాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఎండాకాలంలో పసిబిడ్డకు ఒక పలుచటి నూలు జుబ్బా చాలు. మెడ వెనుక చెయ్యి పెట్టి చూస్తే చెమటగా, వేడిగా ఉంటే బట్టలు ఎక్కువయ్యాయని అర్థం. కూలర్ గాలి గదిలో తిరగాలి కానీ నేరుగా బిడ్డ మీదికి కొట్టకూడదు. ఆ తర్వాత మేము సాయంత్రం ఐదున్నరకే గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు కడిగి, బయట వేపచెట్టు కింద మంచం వేసుకొని కూర్చునేవాళ్ళం. ఏడుపు ఆగలేదు కానీ మూడున్నర గంటలు రెండు గంటలకు దిగింది.

చల్లటి రోజుల్లో పలుచటి గుడ్డలో చుట్టి ఉంచితే చేతులు ఉలిక్కిపడకుండా బిడ్డ కుదురుకుంటుంది. ఛాతీ దగ్గర మన రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి, కాళ్ళు కప్పకాళ్ళలా విడివిడిగా కదలాలి, తల మీద గుడ్డ రాకూడదు. కాళ్ళు చాపి బిగించి కట్టేస్తే తుంటి కీళ్ళు దెబ్బతింటాయి.

గదిలో ట్యూబులైటు ఆర్పి, టీవీ ఆపి, చూడవచ్చిన చుట్టాలను వసారాలో కూర్చోమని చెప్పడానికి మొహమాటపడవద్దు. చేతులు మారే కొద్దీ బిడ్డ ఇంకా చిరాకు పడుతుంది. చెవి దగ్గర మెల్లగా ష్ ష్ అంటూ, ఒకే లయలో నడుస్తూ ఉంటే, లేదా ఫ్యాను చప్పుడు సన్నగా వినిపిస్తుంటే చాలామంది పిల్లలు సర్దుకుంటారు. జోలపాట పని చేసేది కూడా ఆ ఒకే లయ వల్లే. చీర ఉయ్యాల ఊపవచ్చు, కానీ అందులో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుపోయేలా ముడుచుకోకూడదు, ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, నిద్ర పట్టాక తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టాలి. ఏది చేసినా కనీసం ఐదు నిమిషాలైనా అదే చేయాలి. అర నిమిషానికి ఒకటి మారుస్తూ పోతే బిడ్డకు ఏదీ అలవాటు కాదు.

నోట్లో ఏమి వేయకూడదు

మా ఆయన ఆ వారంలోనే ఒక మందుల అంగడిలో అడిగి చుక్కల మందు తెచ్చారు. "పసిపిల్లల గ్యాస్‌కు అందరూ ఇదే వాడతారు" అని అక్కడ చెప్పారట. చిన్న అట్టపెట్టె, దాని మీద నవ్వుతున్న బిడ్డ బొమ్మ. పక్క వైపున చీమతలకాయంత అక్షరాలు ఉంటే ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళి కళ్ళు చిట్లించి చదివాను. గాలి బుడగలను పగలగొట్టే సిమెథికోన్ అనే మందు పక్కన, కడుపు నొప్పికి వాడే డైసైక్లోమిన్ అని ఉంది. మూత తీయకుండానే పక్కన పెట్టాను. డైసైక్లోమిన్ ఆరు నెలలలోపు పిల్లలకు ఇవ్వకూడని మందు, దానివల్ల ఊపిరి ఆగడం, ఫిట్స్ రావడం జరిగాయి. మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే ఈ రోజే దాని మీద పేరు చదవండి. సిమెథికోన్ ఒక్కటే ఉన్న చుక్కల వల్ల పెద్ద హాని లేదు, అయితే పరీక్షించి చూసినప్పుడు ఉత్త నీళ్ళ చుక్కల కన్నా ఎక్కువ ఫలితం కనిపించలేదు. లాక్టోబాసిల్లస్ రూటెరీ అనే మంచి సూక్ష్మజీవి చుక్కలు తల్లిపాలు తాగే కొందరు పిల్లల్లో ఏడుపును తగ్గించాయి, వాటిని కూడా పిల్లల డాక్టరు చెబితేనే వాడాలి.

గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది. అప్పట్లో అందులో సారా కూడా ఉండేది, బిడ్డ మత్తుగా పడుకోవడానికి అది ఒక కారణం. ఇప్పటి సీసాల్లో సారా లేదు, కానీ కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారమూ లేదు, ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేదీ అక్కర లేదు. వసకొమ్ము విషయంలో పెద్దవాళ్ళకు కోపం రావచ్చు. తల్లిపాలలో సాన మీద అరగదీసి నాకించడం తరతరాల అలవాటు. అయితే వసలో ఉండే బీటా ఆసరోన్ అనే పదార్థం హానికరమని తేలి అమెరికాలో 1968లోనే వసను ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించారు. తేనెలో ఉండే బొటులిజం క్రిముల వల్ల ఏడాదిలోపు బిడ్డకు కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఆముదం చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొట్ట మీద వాతలు పెట్టించడం బిడ్డను హింసించడమే. ఇంగువ తడిపి బొడ్డు చుట్టూ పూయడం వల్ల గాలి పోతుందని నేను చెప్పలేను, కానీ బొడ్డు పూర్తిగా మానిన తర్వాత పైపైన పూస్తే, చర్మం ఎర్రబడకపోతే, అవ్వ మాట కాదనాల్సిన అవసరం లేదు. దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం ఎవరి నమ్మకం వారిది. వాటిని నమ్ముకొని ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేయకూడదు, మెడలో తాడు మాత్రం కట్టకూడదు.

పెద్దవాళ్ళతో వాదనకు దిగితే ఇంట్లో ఏడుపులు రెండవుతాయి. రెండో కాన్పుకు మా అత్తతో నేను, "అత్తా, నోట్లో ఏమీ వేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, నువ్వు పాడితే వీడు వెంటనే ఊరుకుంటాడు, సాయంత్రం పూట నువ్వే ఎత్తుకో" అన్నాను. ఆమె వసకొమ్మును మళ్ళీ బయటికి తీయలేదు.

తల్లి తిండి, తల్లి మనసు

బాలింత పప్పు తింటే బిడ్డకు గ్యాస్ వస్తుందని కారంపొడి, నెయ్యి, రొట్టె మీదే నెట్టుకొచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ తిండి కావాలి, పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పాలు అన్నీ తినాలి, దాహం తీరా నీళ్ళు తాగాలి. కాఫీ, టీ రోజుకు ఒకటి రెండు కప్పులకు మించకపోతే చాలు. బిడ్డ విరేచనంలో జిగురు, రక్తపు చారలు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే ఆవుపాల ప్రొటీను పడకపోవడం కావచ్చు, అప్పుడు మాత్రం డాక్టరును అడిగి తల్లి రెండు వారాలు పాల పదార్థాలు మాని చూడాలి.

గంటల తరబడి ఆ ఏడుపు వింటే ఏ తల్లికైనా కోపం వస్తుంది. నాకు వచ్చింది, ఆ రాత్రి చేతులు వణికాయి. అలాంటప్పుడు బిడ్డను వెల్లకిలా చదునైన పక్క మీద పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్ళి, ముఖం కడుక్కొని, పది నిమిషాల తర్వాత తిరిగి రావాలి. ఆ పది నిమిషాల ఏడుపు వల్ల బిడ్డకు ఏమీ కాదు. బిడ్డను పట్టుకొని ఊపి కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు, చూపు పోవచ్చు. రెండు వారాలు దాటినా తల్లికి ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఇష్టం కలగకపోతే దానిని బాలింత బలహీనత అని కొట్టిపారేయకుండా డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇది కోలిక్ కాదని ఎప్పుడు అనుమానించాలి

ఏడుపు మొదలైన ప్రతిసారీ బట్టలన్నీ విప్పి ఒకసారి పూర్తిగా చూడాలి. కాలివేలికి, చేతివేలికి, మగబిడ్డ అంగానికి తల వెంట్రుకో దారమో చుట్టుకొని వాచిపోయి ఉండవచ్చు. బాలింతకు జుట్టు ఎక్కువగా రాలే రోజుల్లో ఇది జరుగుతుంది. గజ్జల్లో గట్టిగా ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు, వెంటనే చూపించాలి.

మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం ఉంటే ఇంట్లో సిరప్ పోసి చూస్తూ కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. వాంతి ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడి ఉండవచ్చు, గంటలు కూడా ఆలస్యం పనికిరాదు. మూడు నుంచి ఆరు వారాల వయసులో పాలు తాగిన ప్రతిసారీ వాంతి దూరంగా చిమ్మినట్టు పడుతుంటే, విరేచనంలో రక్తం పడితే, పొట్ట రాయిలా గట్టిగా ఉండి ముట్టుకుంటే కెవ్వుమంటే, నడినెత్తి మాడు ఉబ్బితే, పెదాలు నీలమైతే, ఊపిరి నిమిషానికి 60 సార్లకు మించి ఆడుతుంటే, రోజుకు ఆరు గుడ్డలు కూడా తడవకపోతే, బరువు పెరగకపోతే అవి కోలిక్ లక్షణాలు కావు. ఎప్పుడూ గట్టిగా ఏడ్చే బిడ్డ ఉన్నట్టుండి పాలు మానేసి, నీరసంగా, సన్నగా మూలుగుతుంటే ఆ నిశ్శబ్దానికి ఏడుపు కన్నా ఎక్కువ భయపడాలి. 108కు ఫోను చేయండి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనూ, కడప రిమ్స్‌లోనూ పసికందుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి.

ఊళ్ళో ఉన్నవారికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను తూకం వేసి చూడాలి. 42వ రోజు ఆరు వారాలు నిండే రోజు, అంటే ఏడుపు బాగా ముదిరి ఉండే రోజు కాబట్టి, ఆమె వచ్చినప్పుడు బరువు ఎంతుందో తప్పక అడిగి రాయించుకోండి. మొదటి నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతున్న బిడ్డకు లోపల పెద్ద జబ్బు ఉండే అవకాశం తక్కువ.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు మూడు రోజులు ఏడుపు మొదలైన వేళ, ఆగిన వేళ, పాలు ఇచ్చిన వేళలు, తడిసిన గుడ్డల లెక్క రాసిపెట్టుకుంటే ఆయనకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది. మేము గోడ మీది క్యాలెండరులో ప్రతి తేదీ గడిలో, ఏడ్చిన ప్రతి గంటకు ఒక పెన్సిల్ గీత గీసేవాళ్ళం. మే నెల గళ్ళలో మూడు, నాలుగు గీతలు ఉన్నాయి. జూన్ రెండో వారానికి రెండయ్యాయి. జూలై పేజీలో మొదటి వారం తర్వాత గీతలు లేవు.